జోకు కాదు నాయనా, పొడుపుకథ

(జాతీయ గణిత దినోత్సవం రోజు కడపలో డిగ్రీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక విశ్రాంత గణిత అధ్యాపకులు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలకు వినబడతాందా? ఆ, సరే. మైకు ఇంకొంచెం కిందికి దించప్పా, నేను అంత పొడుగు లేను.

ఈరోజు డిసెంబరు 22. రామానుజన్ 1887లో ఇదే రోజు పుట్టినాడు. పొద్దుట్నుంచి ముగ్గురు మాట్లాడినారు, ముగ్గురూ 1729 గురించే చెప్పినారు. ఒకటి ఘనం, పన్నెండు ఘనం కలిపినా అదే, తొమ్మిది ఘనం, పది ఘనం కలిపినా అదే. మీకు కంఠస్థం వచ్చేసుంటుంది. నేను నాలుగోవాణ్ణి. నేనూ అదే ఎత్తుకుంటే మీరు టిఫిను దగ్గరికి పోతారు. అందుకని నేను నవ్వు గురించి మాట్లాడతా. లెక్కల జోకులు, కంప్యూటర్ జోకులు. వీటిని ఎవరన్నా చెప్తే, పక్కనే ఇంకొకడు నిలబడి అర్థం చెప్పాల్సి వస్తాంది. ఎందుకట్లా? మామూలు జోకుకు లేని ఈ పీడ దీనికెందుకు?

ముందు ఒకటి బోర్డు మీద రాస్తా. నోటితో చెప్పను. ఎందుకు చెప్పనో తర్వాత మీకే తెలుస్తుంది. చూడండి.

"ప్రపంచంలో మనుషులు 10 రకాలు. బైనరీ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు."

ఎంతమంది నవ్వినారు? ముందు వరసలో నలుగురు అమ్మాయిలు. కంప్యూటర్స్ గ్రూపా అమ్మా? నేననుకుంటానే ఉన్నా. వాళ్ళ పక్కన ఒకబ్బాయి కూడా నవ్వినాడు. ఏం నాయనా, అర్థమై నవ్వినావా, పక్కనోళ్ళు నవ్వినారని నవ్వినావా? తల అడ్డంగా ఊపుతాన్నాడు. నిజాయితీపరుడు. సిగ్గుపడొద్దులే, నేనూ అట్లా నవ్వినవాణ్ణే.

అది చెప్తా వినండి. కాలేజీల్లోకి కంప్యూటర్లు కొత్తగా వస్తాన్న రోజులు. లెక్కల అయ్యవార్లను కొంతమందిని పోగేసి శిక్షణకు పంపినారు. ఏ ఊరో, ఏ సంస్థో ఇప్పుడొద్దు. అప్పటికే నాకు చాలా ఏండ్ల సర్వీసు. బైనరీ నాకు రాక కాదు, బోర్డు ముందు నిలబెడితే గంటసేపు చెప్తా. కానీ అక్కడ పాఠం చెప్పేటాయన ఈ జోకును ఇంగ్లీషులో గబగబా నోటితో చెప్పేసినాడు. "పది రకాలు" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వినా. లోపల మాత్రం ఒకటే గుంజాటన. పది రకాలన్నాడు, రెండే చెప్పినాడు, తక్కిన ఎనిమిది రకాలు యాడికి పోయినాయి? ఆ రాత్రి హాస్టలు మంచం మీద పడుకోని ఆ ఎనిమిది రకాల మనుషుల కోసం వెతికినా. తెల్లారి కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటాంటే కళ్ళ ముందు కాగితం మీద రాసినట్టు కనపడింది. ఒకటి, పక్కన సున్నా. అది పది కాదురా నాయనా! నోట్లో నురుగుతో నేనొక్కణ్ణే నవ్వుతాన్నా. పక్క కుళాయి దగ్గరాయన నన్ను చూసి బకెట్ తీసుకోని రెండడుగులు జరిగినాడు.

ఇప్పుడర్థమైందా ఎందుకు నోటితో చెప్పలేదో? ఇది చెవికి చెప్పే జోకు కాదు, కంటికి చెప్పేది. "పది" అంటే అబద్ధం. "రెండు" అంటే జోకే లేదు. "ఒకటి సున్నా" అని విడదీసి చదివితే గుట్టు రట్టయిపోతుంది. రాసి చూపించాల్సిందే.

సరే, బైనరీ తెలియని పెద్దవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మీకు నేను కొత్తగా నేర్పేదేమీ లేదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా మన దగ్గర అణాలుండె. పదిహేను అణాల తర్వాత ఏమొస్తుంది? పదహారణాలు అని రాస్తామా? ఒక రూపాయి, సున్నా అణాలు. ఒకటి, సున్నా. అంటే ఆ లెక్కలో ఒకటి పక్కన సున్నా పెడితే విలువ పదహారు. మామూలు అంకెల్లో పది. కంప్యూటర్ లెక్కలో, అదే బైనరీలో, అణాలు రెండైతే చాలు, రూపాయి అయిపోతుంది. అందుకని అక్కడ ఒకటి పక్కన సున్నా అంటే రెండు. అంతే. ఎన్నిటికి ఒక రూపాయి అనేదే తేడా.

ఇప్పుడు మళ్ళీ బోర్డు చూడండి. మనుషులు రెండు రకాలు: తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. ఆ, తలలూపుతాన్నారు. ముసిముసి నవ్వులున్నాయి. పగలబడి నవ్వు మాత్రం ఎవరికీ రాలేదు. చూసినారా? అర్థం చెప్పినా, అర్థమైంది, నవ్వు మాత్రం దారిలో యాడనో దిగిపోయింది.

జనం ఏమంటారంటే, లెక్కలు కష్టం గదా, అందుకని ఆ జోకులూ కష్టం అంటారు. నేనొప్పుకోను. కష్టానికీ దీనికీ సంబంధం లేదు. ఒకటి చెప్తా, ఇది మన జిల్లాదే. నేను హైస్కూల్లో పనిచేసేటప్పుడు ఆరో తరగతిలో ఒక పిల్లోణ్ణి లేపి, "మూడు వర్గం ఎంతరా?" అని అడిగినా. వాడు చేతులు కట్టుకోని, "మా ఊర్లో మూడో వర్గం ల్యా సార్, ఉండేది రెండే" అన్నాడు.

చూసినారా, చూసినారా! హాలు ఎట్లా నవ్విందో! ముసలోళ్ళు నవ్వినారు, అమ్మలు నవ్వినారు. ఎవరికన్నా అర్థం చెప్పినానా? లేదు. ఎందుకు? మనకు వర్గం అంటే రెండూ తెలుసు. బడిలో వర్గం తెలుసు, ఊర్లో వర్గమూ తెలుసు. దాని గురించి ఇంకెక్కువ మాట్లాడించొద్దండి, రికార్డు చేస్తాన్నారు.

అయితే ఒక సంగతి గమనించినారా? ఇందాక నవ్విన ఆ నలుగురు అమ్మాయిలు ఇప్పుడు నవ్వలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాన్నారు. ఇంగ్లీషు మీడియమా తల్లీ? అదీ సంగతి. మా మనవడు కూడా అంతే. ఈ ముక్క చెప్తే, "మూడు వర్గం అంటే ఏంది తాతా?" అన్నాడు. స్క్వేర్ రా అంటే, "ఓ, స్క్వేరా, తొమ్మిది" అన్నాడు. లెక్క వాడికొచ్చు. ఫ్యాక్షన్లో వర్గం కూడా వాడికి తెలుసు, టీవీలో చూస్తాడు. ఆ రెండింటికీ పేరొకటే అనేది వాడికి తెలియదు. మూడు ఇంటూ మూడు ఏమన్నా కష్టమైన లెక్కా?

అంటే ఏమైంది? జోకు నిలబడాలంటే ఒక మాటకు రెండు అర్థాలు ఒకేసారి తలలో మెదలాల. ఒకటి వీధిలో అర్థం, ఒకటి క్లాసులో అర్థం. బోర్డు మీద జోకులో మీకు వీధి అర్థం, అదే ఆ పది, ముందే ఉంది. రెండోది నేను అణాలు తెచ్చి, రూపాయి తెచ్చి నింపినా. నేను నింపేలోపల మొదటిది చల్లారిపోయింది. రెండూ ఒకదాన్నొకటి ఢీకొంటే నవ్వు. ఒకటి పోయినాక ఒకటి వస్తే అది పాఠం.

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు ఇట్లాంటివి ఎన్ని దొరికేటివో! "ఏడు సరి సంఖ్యనా?" అని అడిగితే "సరే సార్" అని కూర్చునేవాడు. సమితి అంటే మాకు క్లాసులో ఒకటి, ఇంగ్లీషులో సెట్ అంటారే అది, పక్క వీధిలో పంచాయతీ సమితి ఆఫీసు ఒకటి. శూన్య సమితి, అంటే లోపల ఏమీ లేని సమితి, పాఠం చెప్పిన రోజు పిల్లలు ఆ ఆఫీసు వైపు చూసి నవ్వినారు. మధ్యాహ్నం మూడు తర్వాత ఆడ ఎవరూ ఉండరు మరి. అవధి అనే మాటుంది, వీధిలో అంటే హద్దు, ఇంటర్లో లిమిట్‌కు తెలుగు. దానితో ఒకటి చెప్తా, ఇది ప్రపంచమంతా తిరిగే జోకే. బయట దీన్ని బీరు దుకాణంలో చెప్తారు, నేను మన కారం దోసె అంగట్లో పెట్టినా.

లెక్కలవాళ్ళు అనంతమంది దోసె అంగడికి వచ్చినారు. యాడ నుంచి? అనంతపురం నుంచే, ఇంకా యాడ నుంచి వస్తారు. మొదటివాడు ఒక దోసె అన్నాడు. రెండోవాడు నాకు అర దోసె. మూడోవాడు పావు దోసె. నాలుగోవాడు అందులో సగం. ఐదోవాడు నోరు తెరిచేలోపల మాస్టరు పెనం మీద రెండు దోసెలు పోసి, ప్లేట్లలో పడేసి, "పంచుకోండయ్యా, మీ అవధి నాకు తెలుసు" అన్నాడు.

అనంతమందికి రెండు దోసెలు ఎట్లా సరిపోతాయి? చూడండి. మొదటి ప్లేటు మొదటివాడికే పోయింది, వాణ్ణి వదిలేయండి. రెండో ప్లేటు తీసుకోండి. రెండోవాడు సగం తుంచుకున్నాడు, ప్లేట్లో సగం మిగిలింది. మూడోవాడు ఆ మిగిలిన దాంట్లో సగం, అంటే పావు తుంచుకున్నాడు, ప్లేట్లో పావు మిగిలింది. నాలుగోవాడు అరపావు, మిగిలింది అరపావు. ప్రతివాడూ తాను తుంచుకున్నంత వెనకాలవాడికి వదిలి పోతాన్నాడు. కాబట్టి ప్లేటు ఎప్పటికీ ఖాళీ కాదు, ఎవరికీ తక్కువా పడదు, మూడో దోసె పోయాల్సిన పనీ రాదు. వందోవాడికి కారం వాసన తప్ప ఏమీ దొరకదనేది వేరే సంగతి.

ఇది మీరు బాగానే నవ్వినారు. అవధి అంటే తెలియనివాళ్ళు కూడా నవ్వినారు. దోసె కనపడింది కాబట్టి.

ఇంకొకటి. ఇది కంప్యూటర్ వాళ్ళలో బాగా పాతది. భార్య మొగుడికి చెప్పింది: "అంగడికి పోయి ఒక పాల ప్యాకెట్ తీసుకురా. కోడిగుడ్లుంటే పన్నెండు తీసుకురా." ఆయన పన్నెండు పాల ప్యాకెట్లు తెచ్చినాడు. ఇదేంది అంటే, "గుడ్లుండాయి మరి" అన్నాడు. దీనికి నేనేమన్నా అర్థం చెప్పాల్నా? అక్కర్లేదు. మన తెలుగులో "పన్నెండు తీసుకురా" అంటే దేన్ని పన్నెండు అనేది మాటలో ఉండదు, మనసులో ఉంటుంది. ఆ మనసు కంప్యూటర్‌కు లేదు. ఉంటే అన్న షరతు చూసుకుంటుంది, పన్నెండు అన్న అంకె చూసుకుంటుంది, అంతే. ప్రోగ్రాం రాయడం రానోళ్ళు కూడా దీనికి నవ్వుతారు. ఎందుకంటే రెండర్థాలూ ఆ మాటలోనే ఉన్నాయి, బయట నుంచి ఏదీ తెచ్చుకోవాల్సిన పని లేదు.

సరే. ఇప్పుడు నా అసలు మాటకొస్తా. ఇన్నేండ్లూ నేను కూడా అనుకుంటాంటిని, అర్థం చెప్పాల్సొస్తే జోకు చచ్చినట్టే అని. ఇప్పుడట్లా అనుకోవడంలా. చిన్నప్పుడు మా అవ్వ రాత్రి మిద్దె మీద పడుకోబెట్టుకోని అడిగేది: "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం. ఏందో చెప్పు?" మేం ఆలోచించేవాళ్ళం. జామకాయా? కాదు. చింతకాయా? కాదు. సీతాఫలమా? కాదు. ఓడిపోయినాం, విప్పవ్వా, అనేవాళ్ళం. "తేనెపట్టు" అనేది. అప్పుడు మాకొచ్చే సంతోషం ఉందే! ఓడిపోయినామని ఎవరికన్నా సిగ్గేసిందా? అవ్వ విప్పిందని కథ చచ్చిపోయిందా? మర్నాడు మేం పోయి పక్కింటి పిల్లలను అదే అడిగేవాళ్ళం, వాళ్ళు ఓడిపోవాలని.

పొడుపు ఉన్నాక విప్పు ఉంటుంది. విప్పడం అందులో భాగం. లెక్కల జోకును మనం జోకు గంపలో వేసినాం. అది పొడుపుకథల గంపలోది. గంప మారింది, అంతే. జోకు అనేసరికి వెంటనే నవ్వాల, నవ్వకపోతే మొద్దు అనే భయం. పొడుపుకథ అనుకోండి, భయమే లేదు. అవ్వను అడిగినట్టు అడగొచ్చు.

మన పాతవాళ్ళకు ఈ రుచి బాగా తెలుసు. ఇక్కడ సంగీతం నేర్చుకున్నవాళ్ళున్నారా? ఒకమ్మాయి చెయ్యెత్తింది. మేళకర్తలంటే వరస నంబర్లున్న మూల రాగాలు. శంకరాభరణం ఎన్నో మేళకర్త అమ్మా? ఇరవై తొమ్మిది, కరెక్టు. మరి దాని ముందు "ధీర" అని ఎందుకు తగిలించినారు? శంకరాభరణానికి ధైర్యమెందుకు? కటపయాది అని ఒక పద్ధతి ఉంది, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. ధ అంటే తొమ్మిది, ర అంటే రెండు. వెనక నుంచి చదువు: ఇరవై తొమ్మిది. కల్యాణికి "మేచ" అట్లా వచ్చిందే. మ అంటే ఐదు, చ అంటే ఆరు, తిరగేస్తే అరవై ఐదు. మేచకల్యాణి అరవై ఐదో మేళకర్త. పేరులోనే నంబరు దాచిపెట్టి, తాళంచెవి ఉన్నోడికి మాత్రం తెరుచుకునేటట్టు చేసినారు. ఇప్పటి ప్రోగ్రాం రాసే పిల్లలు చేసే చిలిపి పని ఇదే గదా?

విప్పకుండా వదిలేస్తే ఏమౌతుందో కూడా చెప్పాల. ప్రోగ్రాంలో తప్పును బగ్ అంటారు, పురుగు. అది ఎట్లా వచ్చిందంటే మీ సార్లు ఒక కథ చెప్పుంటారు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ టూ అనే పెద్ద లెక్కల యంత్రంలో, రిలే అనే కరెంటు స్విచ్చి మధ్య ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. దాన్ని తీసి, లాగ్ పుస్తకంలో టేపు వేసి అంటించినారు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, పురుగుతో సహా, స్మిత్సోనియన్ మ్యూజియంలో. గ్రేస్ హాపర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆమె ఈ కథను ఊరూరా చెప్పి ప్రచారం చేసింది. అంతవరకు నిజం. కానీ బగ్ అనే మాట ఆ రోజు పుట్టిందంటారే, అది నిజం కాదు. ఎడిసన్ 1878లోనే తన ఉత్తరంలో యంత్రం లోపాలను బగ్ అని రాసినాడు. మరి ఆ పుస్తకంలో పురుగు కింద ఏం రాసినారు? "నిజంగా పురుగు దొరికిన మొదటి సందర్భం" అని. ఆ "నిజంగా" అనే మాట చూడండి! ఇన్నేండ్లూ పురుగు పురుగు అని మాటవరసకు అంటాంటిమి, ఇదిగో ఈరోజు అసలు పురుగే దొరికింది అని వాళ్ళ ఎగతాళి. మన శనగ రైతు కలుపు తీస్తా తీస్తా పచ్చపురుగును పట్టుకోని, "ఇదిగో, మీ సాఫ్ట్‌వేరోళ్ళ బగ్గు" అన్నట్టు. అది జోకు. ఎవరూ విప్పలేదు. విప్పలేదు కాబట్టి చరిత్ర అయి కూర్చుంది. పరీక్షల్లో కూడా అడుగుతాన్నారు.

దీనికి ఎదురు ఇంకొకటుంది, అది నాకు చాలా ఇష్టం. ఇంటర్నెట్ ఎట్లా పనిచేయాల అనే నియమాలు ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాలుగా వస్తాయి. పరమ గంభీరంగా ఉంటాయి, చదివితే నిద్రొస్తుంది. 1990 ఏప్రిల్ 1న, ఏప్రిల్ ఫూల్ రోజున, వాటిలో ఒకటి వచ్చింది, నంబరు 1149. ఇంటర్నెట్ సమాచారాన్ని పావురాల కాళ్ళకు కట్టి పంపే పద్ధతి. భాషంతా అదే గంభీరం, అదే ధోరణి. తారీఖు చూసినోడు నవ్వుకున్నాడు, చూడనోడు బుర్ర గోక్కున్నాడు. పదకొండేండ్లకు, 2001లో, నార్వేలో బెర్గెన్ అనే ఊర్లో కొంతమంది కుర్రోళ్ళు దాన్ని నిజంగానే చేసి చూసినారు. తొమ్మిది కాగితాలు పావురాలతో పంపినారు. నాలుగింటికి జవాబులొచ్చినాయి. ఒక్కొక్క జవాబు రావడానికి యాభై మూడు నిమిషాల నుంచి గంటా నలభై ఆరు నిమిషాల దాకా పట్టింది. తక్కిన ఐదు ఏమైనాయో పావురాలకే తెలియాల. మా ఇంటి దగ్గర సిగ్నల్ కంటే నయమే అనిపించింది నాకు.

చూడండి, వాళ్ళు జోకును మాటలతో విప్పలేదు. చేతలతో విప్పినారు. నవ్వు తగ్గిందా? పెరిగింది.

అయితే ఒక్క రకం నవ్వు మాత్రం నాకు నచ్చదు. బోర్డు మీద ఆ జోకు మళ్ళీ చదవండి. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. ఆ జోకు పనే అది, మనుషులను రెండు గుంపులు చేయడం. మళ్ళీ రెండు వర్గాలే! కొంతమంది కావాలనే తెలియనివాళ్ళ ముందు దాన్ని చెప్పి, తెల్లముఖం వేస్తే చూసి నవ్వుకుంటారు. మా శిక్షణలో ఆయన అట్లాంటోడు కాదు పాపం, ఆయనకు మాట వేగం, అంతే. కానీ నేనా రాత్రి ఎనిమిది రకాల మనుషుల కోసం వెతుకుతాంటే, ఎందుకు లేచి అడగలేదు? పెద్దమనిషిని, లెక్కల అయ్యవారిని, నాకు తెలియలేదని ఎట్లా చెప్పాల అని. అవ్వ ముందైతే ఒక్క క్షణంలో చెప్పేవాణ్ణి, ఓడిపోయినా విప్పవ్వా అని.

ఏందప్పా అది, చీటీనా? ఇట్లియ్యి. అధ్యక్షులవారు పంపినారు. ఏం రాసినారో చూద్దాం. "ఇంకా 10 నిమిషాలు". ఒకటి, పక్కన సున్నా. అధ్యక్షా, ఏ లెక్కలో రాసినారండీ ఇది?

ఆ! ఆ! ఇప్పుడు చూడండి ఎట్లా నవ్వుతాన్నారో! వెనక వరస కూడా. ఆ చివర పెద్దాయన తువాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరన్నా అర్థం చెప్పినారా మీకు ఇప్పుడు? అర్ధగంట ముందు ముసిముసిగా నవ్వి ఊరుకున్న జనమే గదా మీరు? అణాలూ రూపాయలూ అప్పుడు లోపలికి పోయినాయి, ఇప్పుడు పనికొచ్చినాయి.

సరే, అయితే నాకు మిగిలింది రెండు నిమిషాలు. ఒక పొడుపుకథ వేసి దిగిపోతా. కంప్యూటర్ వాళ్ళు అంటారు, అక్టోబరు 31, డిసెంబరు 25 రెండూ ఒకటే అని. నెలల పేర్లను ఇంగ్లీషులో మూడేసి అక్షరాలకు కుదించి రాసుకోండి, నోటితో అంటే కుదరదు. మొదటి నెల పేరులో ఎనిమిది దాక్కోనుంది, రెండోదాంట్లో పది. ఇప్పుడు ఎనిమిది అణాలకే ఒక రూపాయి అయ్యే ఊరొకటి ఉందనుకోండి. ఆ ఊర్లో మూడు రూపాయల ఒక అణా ఇస్తే, మన ఊర్లో చిల్లరగా ఎన్ని అణాలు?

నేను చెప్పను. టీ దగ్గర ఉంటా, ఓడిపోయినామనండి, విప్పుతా.